ఈ చేప ఏ నెలది?

మొదటి రోజు, టోక్యో

హనెదా ఎయిర్‌పోర్టు బయటికి వచ్చేసరికి రాత్రి పదిన్నర. మా పిన్ని కూతురు గేటు దగ్గర నిలబడి ఉంది. ఆరేళ్ళుగా ఇక్కడే ఉద్యోగం. నన్ను వాటేసుకుని, వెంటనే నా చొక్కా చేతులు కిందికి లాగింది.

"మా ఓనరమ్మ కింద పోర్షన్‌లోనే ఉంటుందక్కా. నీ చేప టాటూ ఆవిడ కంట పడితే రేపు నాకు క్లాసు."

నేను నవ్వాను గానీ దానికి నవ్వు రాలేదు. ఇక్కడ పెద్దవాళ్ళలో చాలామందికి టాటూ అనగానే యాకుజా గ్యాంగులే గుర్తొస్తాయట. చెల్లి వెళ్ళే జిమ్ముకి కూడా టాటూ కనిపించేలా రాకూడదని రూలు ఉంది.

నేను వచ్చిందే ఐదో టాటూ కోసం. ఉన్న నాలుగూ నలుగురి చేత వేయించుకున్నవి. మొదటిది చీలమండ మీద 'అమ్మ'. వేసిన కుర్రాడికి తెలుగు చదవడం రాదు. అతని కంప్యూటర్లో వత్తు కిందికి దిగక, మకారం మీద పొల్లు పడి, పక్కన ఇంకో మకారం వచ్చి కూర్చుంది. సూది దింపేముందు చర్మం మీద బొమ్మ అచ్చు, అదే స్టెన్సిల్, అంటించాక తల వంచి ఒక్కసారి చదువుకుంటే సరిపోయేది. చదువుకోలేదు. "నన్ను నిలువునా రెండు ముక్కలు చేయించావు కదే" అంటుంది అమ్మ ఇప్పటికీ.

రెండోది మణికట్టు మీద చిన్న పిట్ట. మూడోది మెడ వెనక చుక్కలతో వేసిన ముగ్గులాంటి మండలం. నలుగురికీ ధైర్యంగా చూపించేది అదొక్కటే. నాలుగోది కుడి జబ్బ మీద కోయి చేప. చుట్టూ చెర్రీ పూలు, కింద రెండు మేపుల్ ఆకులు. ఫోన్లో దాచుకున్న ఫోటో చూపించి "ఇదే కావాలి" అంటే ఆ ఆర్టిస్టు అదే దింపేశాడు. మానాక తోక దగ్గర నీలంగా మరక మిగిలింది. సూది లోతుగా దిగితే రంగు గీత దాటి పాకుతుంది. దాన్ని బ్లోఔట్ అంటారని నాకు ఆ తర్వాత తెలిసింది.

ఇన్నాళ్ళూ స్టాంపులు పోగేసినట్టే పోగేశాను. ఫలానా ఆర్టిస్టుది ఒకటి, ఫలానా శైలిది ఒకటి. ఐదోది జపాన్‌లో వేయించుకుంటే ఆల్బంలో మంచి పేజీ అవుతుందనే ఆశతోనే టికెట్ కొన్నాను. ఆ మాట దాచుకోవడం ఎందుకు?

రెండో రోజు, టోక్యో

షిబుయా స్టేషన్ నుంచి పదిహేను నిమిషాల నడక. షాపు పేరు చెప్పను. ఎనిమిది నెలలు వాళ్ళ ఫోటోలు చూసి, పదివేల యెన్లు అడ్వాన్సు కట్టి బుక్ చేసుకున్నది ఇదే. అపాయింట్‌మెంటు మర్నాటికి. ఒక రోజు ముందే చూసొద్దామని చెల్లిని లాక్కెళ్ళాను.

లోపల అద్దంలా ఉంది. గోడ నిండా ఫోటోలు. దగ్గరికెళ్ళి చూస్తే అన్నీ సూది ఆపిన నిమిషంలో తీసినవే. చుట్టూ చర్మం ఎర్రగా కంది ఉంది, నలుపు కాటుకలా నిగనిగలాడుతోంది. పెళ్ళి ఫోటో చూసి కాపురం ఎలా ఉందో ఎవరు చెప్పగలరు? టాటూని మానాక చూడాలి, వీలైతే రెండు మూడేళ్ళు గడిచాక. చర్మంలోకి దిగిన రంగును మాక్రోఫేజ్ అనే కణాలు మింగి పట్టుకుంటాయి. ఆ కణం చచ్చిపోతే రంగు బయటపడుతుంది, పక్కనుంచి ఇంకో కణం వచ్చి మింగుతుంది. ఫ్రాన్స్‌లో ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో 2018లో ఈ సంగతి తేలింది. అంటే మనం శాశ్వతం అనుకునేది లోపల చేతులు మారుతూనే ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ గీత లావెక్కుతుంది. మన పాతకాలం వాళ్ళు దీనికి 'పచ్చబొట్టు' అని పేరు పెట్టింది ఊరికే కాదు. వేసేటప్పుడు నలుపే, చర్మం కింద కొన్నేళ్ళున్నాక పచ్చనీలంగా కనిపిస్తుంది.

"మానినవి ఏమైనా ఉన్నాయా?" అని చెల్లి చేత అడిగించాను. నాకు వేయాల్సిన ఆర్టిస్టు ఫోన్లో చాలాసేపు వెతికి రెండు చూపించాడు. ఒకదాంట్లో పూరేకుల గీతలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉన్నాయి.

నేను బొమ్మను చివర్లో చూస్తాను. ముందు గీత. రెండు గీతలు కలిసే మూల దగ్గర ముద్ద కట్టిందా, గుండ్రంగా తిప్పిన చోట మొదలూ చివరా అతుక్కున్నాయా, పొడుగు గీత మధ్యలో వణికిందా. ఫోటోకి రంగులు పెంచి చూపించొచ్చు గానీ వణికిన గీతను సరిచేయడం అంత తేలిక కాదు.

గీత సంగతి పక్కనపెడితే, నన్ను బయటికి నడిపించింది వేరే. పక్క కుర్చీలో ఇంకొకతను ఎవరికో వేస్తున్నాడు. మధ్యలో ఫోన్ మోగింది. గ్లవ్స్ తోనే ఫోన్ తీసి, వేలితో స్క్రీన్ జరిపి, మాట్లాడి, జేబులో పెట్టుకుని, అదే చేత్తో మళ్ళీ ఆ కస్టమర్ చర్మం లాగి పట్టుకున్నాడు. నేను ఇంకో పది నిమిషాలు కూర్చుని చూశాను. ఈసారి రంగు సీసా మూత తిప్పాడు, అవే గ్లవ్స్.

హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కనీసం ఏడు రోజులు బతకగలదు. సూది కొత్తదే కావచ్చు. ఫోన్, సీసా, కుర్చీ చెయ్యి కొత్తవి కావు కదా.

"పదివేలక్కా!" అంది చెల్లి మెట్లు దిగుతూ.

"పోనీలేవే."

పోనీలే అన్నాను గానీ రాత్రి నిద్ర పట్టలేదు. డబ్బుకన్నా ఎనిమిది నెలలు ఆ ఫోటోల్లో ఏం చూశానో అర్థంకాక. అయితే ఇంకో దారి మిగిలి ఉంది. ఒసాకాలో ఒక పెద్దాయనకి కూడా రాసి పెట్టాను. ఆయన అడ్వాన్సు అడగలేదు. "ముందు వచ్చి మాట్లాడండి. కుదిరితే మర్నాడు మూడు గంటలు ఖాళీ ఉంచుతాను" అని రెండు వాక్యాల జవాబిచ్చారు. అప్పుడు అది నాకు నిర్లక్ష్యంలా అనిపించింది.

మూడో రోజు, టోక్యో

పొద్దున జింబోచో. పాత పుస్తకాల షాపుల వీధి. గంటలకొద్దీ తిరిగి, కునియోషి బొమ్మలున్న పుస్తకం ఒకటి కొన్నాను. ఉతగావా కునియోషి 1827 ప్రాంతంలో, ఒక చైనా కథలోని 108 మంది బందిపోటు వీరుల్ని చెక్క అచ్చుల మీద ముద్రించడం మొదలుపెట్టాడు. మూలకథలో ఒంటి మీద పచ్చబొట్లున్నవాళ్ళు కొద్దిమందే. ఈయన ఇంకా చాలామందికి వీపు నిండా డ్రాగన్లు, సింహాలు, పూలు గీసేశాడు. ఆ బొమ్మలు చూసి ఎడో నగరంలో, అంటే ఇప్పటి టోక్యోలో, కూలీలు, మంటలార్పే దళాలవాళ్ళు మాకూ అలాగే కావాలని బయల్దేరారు. బొమ్మ కాగితం మీద నుంచి మనిషి వీపు మీదికి ఎక్కిందన్నమాట. ఆ వీరుల్లో ఒకడైన తొమ్మిది డ్రాగన్ల షిషిన్ బొమ్మ ఉన్న పేజీ మడిచి పెట్టుకున్నాను. ఇదే ముంజేతి మీద, అరచెయ్యంత.

మధ్యాహ్నం రామెన్ తింటూ చెల్లి అడిగింది, ఇంత గొప్ప కళ అయితే ఇంత భయం ఎందుకని. నేను చదువుకొచ్చిందంతా ఒలకబోశాను. ఎడో కాలంలో నేరస్తుల చేతుల మీద గుర్తుగా గీతలు పొడిచేవాళ్ళు. తర్వాత వచ్చిన మేజీ చక్రవర్తి ప్రభుత్వం, పాశ్చాత్యులు తమను అనాగరికులు అనుకుంటారేమోనన్న బెంగతో, 1872లో టాటూలు నిషేధించింది. తమాషా ఏంటంటే, ఆ పాశ్చాత్యుల రాకుమారులే ఇక్కడికొచ్చి వేయించుకెళ్ళారు. తర్వాత ఐదో జార్జి రాజయిన కుర్రాడు 1881లో చేతి మీద డ్రాగన్‌తో ఓడెక్కాడు. నిషేధం తీసేసింది 1948లో. చట్టం పోయి ఎనభై ఏళ్ళు కావస్తున్నా చూపు మాత్రం పోలేదు.

సాయంత్రం స్నానాల ఇంటికి వెళ్దామని పట్టుబట్టింది నేనే. టాటూ వేయించుకున్నాక రెండు మూడు వారాలు నీళ్ళ తొట్టెల్లో మునగకూడదు, కాబట్టి ఈరోజే వెళ్ళాలి. వేడి ఊట నీళ్ళ రిసార్టులు, అదే ఆన్సెన్లు, చాలాచోట్ల టాటూ ఉంటే రానివ్వరు. 2015లో టూరిజం ఏజెన్సీ చేసిన సర్వేలో దాదాపు 56 శాతం రానివ్వమనే చెప్పాయి. పేటలోని మామూలు స్నానాల ఇళ్ళు, అదే సెంతోలు, అంత పట్టించుకోవు. మేం వెళ్ళినచోట మనిషికి 550 యెన్లు.

బట్టలన్నీ విప్పి బీరువాలో పెట్టి, చిన్న తువ్వాలుతో లోపలికి. ముందు పీట మీద కూర్చుని సబ్బుతో ఒళ్ళు రుద్దుకోవాలి, ఆ తర్వాతే తొట్టెలో దిగాలి. నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయంటే మోకాళ్ళ దగ్గరే ఆగిపోయాను. అప్పటికే తొట్టెలో ఉన్న ఒకావిడ నన్ను చూసి, మాట్లాడకుండా లేచి అవతలి తొట్టెలోకి వెళ్ళిపోయింది. చెల్లి మొహం మాడింది.

మిగిలినావిడకి ఎనభై పైనే ఉంటాయి. తల మీద మడతపెట్టిన తువ్వాలు. కళ్ళు చికిలించి నా జబ్బ వైపు చూసి, ఇంకొంచెం దగ్గరికి జరిగి, ఒక పూవు మీద, తర్వాత ఒక ఆకు మీద వేలు చూపించి ఏదో అడిగింది.

"ఏంటే?" అన్నాను.

చెల్లి మెడ దాకా నీళ్ళలో ఉండి తెలుగులోకి మార్చింది. "ఈ చేప ఏ నెలది అని అడుగుతోందక్కా."

నాకర్థం కాలేదు. చెల్లికీ అర్థం కాలేదు. ఆవిడే ఓపిగ్గా చెప్పింది. చెర్రీ విచ్చేది వసంతంలో, మేపుల్ ఎర్రబడేది శరత్తులో. ఆ చేప ఏ ఋతువులో ఈదుతోంది?

వెక్కిరింపు కాదది. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. సంక్రాంతి ముగ్గులో వినాయకచవితి పత్రి పెట్టినట్టుంది నా జబ్బ. అంత డబ్బు పోసి, నాలుగేళ్ళుగా మోస్తూ, ఒక్కరోజు కూడా నాకు తట్టలేదు. వేసినవాడికీ తట్టలేదు.

నాలుగో రోజు, ఒసాకా

బుల్లెట్ ట్రైన్లో రెండున్నర గంటలు. చెల్లి శుక్రవారం సెలవు పెట్టింది. దారిలో ఫుజి కొండ కనిపించే వైపు సీటు బుక్ చేసింది గానీ మబ్బు పట్టి ఏమీ కనిపించలేదు.

ఈ ఊరి వల్లే జపాన్‌లో టాటూ వేసేవాళ్ళు ఇవాళ ధైర్యంగా పని చేసుకుంటున్నారు. టాటూ వేయడం వైద్యం కిందికి వస్తుందని, డాక్టర్ లైసెన్సు ఉండాలని 2001లో ఆరోగ్య శాఖ అర్థం చెప్పింది. 2015లో ఒసాకా ప్రాంతంలో పనిచేసే టైకి మసుదా అనే ఆర్టిస్టు మీద కేసు పెట్టారు. చాలామంది జరిమానా కట్టేసి ఊరుకునేవాళ్ళు. ఆయన కోర్టుకెక్కాడు. 2017లో కింది కోర్టు లక్షన్నర యెన్ల జరిమానా వేసింది. 2018లో హైకోర్టు కొట్టేసింది. 2020 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఇది వైద్యం కాదని తేల్చింది. డాక్టర్ సర్టిఫికెట్ చూసుకుని గీత చూసుకోకుండా వేయించుకునే రోజులు వచ్చి ఉంటే ఎలా ఉండేదో!

మేం వెళ్ళినచోట బోర్డు లేదు. మామూలు అపార్ట్‌మెంటు, మూడో అంతస్తు, తలుపు మీద నంబరు మాత్రమే. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళాం. చిన్న గది, చాప, నీలం రంగు పరుపు. మూలన స్టీలు బల్ల మీద సీలు తీయని సూదుల ప్యాకెట్లు, ఇంకో మూలన పరికరాల్ని ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్. ఆయనకి అరవై దాటి ఉంటాయి. గోడ మీద ఒక్క ఫోటో లేదు. అడిగితే లావుపాటి ఆల్బం ఒకటి తెచ్చారు. ఎడమ పేజీలో పని పూర్తయిన రోజు, కుడి పేజీలో అదే మనిషి కొన్నేళ్ళ తర్వాత. కొందరికి పొట్టలు వచ్చాయి, ఒకాయనకి జుట్టు పోయింది. గీతలు నిలబడే ఉన్నాయి.

నేను కునియోషి పుస్తకం తెరిచి, మడత పెట్టిన పేజీ చూపించి, ముంజేయి చాపాను.

ఆయన పేజీ వైపు చూడనే లేదు, నా చేయి పట్టుకుని అటూ ఇటూ తిప్పారు. "ఇంత చోట్లో తొమ్మిది డ్రాగన్లు వేస్తే పదేళ్ళకి తొమ్మిది వానపాములవుతాయి" అన్నారు. చెల్లి ఈ మాట అనువదించడానికి ముందే నవ్వేసింది.

తర్వాత చొక్కా చెయ్యి పైకి మడవమన్నారు. చేపను చాలాసేపు చూశారు. ఏ నెల అని అడుగుతారేమోనని నేనే ముందు, "తెలుసండీ, రెండు ఋతువులు కలిసిపోయాయి" అన్నాను. ఆయన తలూపి, తోక దగ్గర నీలి మరక మీద బొటనవేలు ఆనించి అడిగారు. "నలుగురి చేత నాలుగు వేయించుకున్నారు. ఐదోది ఎక్కడైనా పడుతుంది. కానీ దీన్ని ఎవరు చూసుకుంటారు?"

నా దగ్గర జవాబు లేదు.

జపాన్ పద్ధతిలో బొమ్మ ఒంటి మీద అంటించిన స్టిక్కర్‌లా ఉండదు. జబ్బ, ఛాతీ, వీపు అంతా ఒకే పటం. మధ్యలో అసలు బొమ్మ, చుట్టూ నీళ్ళు, గాలి, మబ్బు. చేయి మీద ఎక్కడ ఆగాలో కూడా కొలత ఉంటుంది. మోచేతికి పైన ఆగితే గోబు, ముంజేతి మధ్యలో ఆగితే షిచిబు. ఆగిన అంచుకి కూడా పేర్లున్నాయి, చీర అంచులకున్నట్టే. పియోనీ పూరేకులా వంపులు తిరిగేది ఒకటి, తెల్లవారినట్టు మెల్లగా పలచబడేది ఒకటి.

ఆయన బ్రష్ పెన్ను తీసి నేరుగా నా చర్మం మీదే గీయడం మొదలుపెట్టారు. స్టెన్సిల్ లేదు. చెర్రీ పూల మీదుగా నలుపు అలలు వచ్చాయి. పూలు పోతాయి, ఆకులుంటాయి. తోక మరక సుడిలో కలిసిపోతుంది. చేపకి నెల వచ్చింది, నవంబర్. జబ్బ తిప్పితే అల కూడా తిరిగింది. కాగితం మీద గీసి అంటిస్తే ఇలా తిరగదు.

కొత్త టాటూ ఏమీ లేదన్నమాట. ఆల్బంలో పేజీ పెరగదు. "ఒకసారికి అయ్యే పని కాదు, నాలుగైదు సార్లు రావాలి. ఇంటికెళ్ళి ఆలోచించుకోండి, రేపు పొద్దున చెప్పినా చాలు" అన్నారు. గంటకి 15,000 యెన్లు, నగదు.

రాత్రి దోతోంబొరి కాలువ గట్టున చెల్లి తకోయాకి, అంటే ఆక్టోపస్ ముక్కలు పెట్టిన పిండి ఉండలు, తింటూ లెక్క వేసింది, విమానం టికెట్లతో సహా. ఆ అంకె ఇక్కడ రాయను. మా ఇంట్లోవాళ్ళు చదువుతారు.

ఐదో రోజు, ఒసాకా

ఉదయం పదికి మొదలు. కడుపునిండా తిని రమ్మన్నారు, రాత్రి మందు తాగలేదు కదా అని అడిగారు, అలర్జీలూ మందులూ రాయించుకున్నారు. సూది ప్యాకెట్టు నా కళ్ళముందే చింపారు. మధ్యలో ఒకసారి దీపం జరపాల్సి వచ్చింది. గ్లవ్స్ తీసేసి, దీపం జరిపి, చేతులు కడుక్కుని, కొత్త గ్లవ్స్ వేసుకున్నారు. నేను చెల్లి వైపు చూశాను. అది అప్పటికే నా వైపు చూస్తోంది.

గీతలకి మెషీనే వాడారు. అంతా చేత్తోనే అనుకుని వచ్చిన నేను కాస్త నిరుత్సాహపడ్డాను. తర్వాత గుర్తొచ్చింది, యొకొహామాలో పేరుమోసిన టాటూ గురువు హొరియోషి-3 అంతటి ఆయన కూడా 1990ల చివర్లో గీతల వరకు మెషీన్ పట్టారు. నా నిరుత్సాహం కూడా స్టాంపుల పిచ్చిలో భాగమే.

రెండున్నర గంటలు గీతలు. జబ్బ బయటివైపు ఫరవాలేదు. చంకకి దగ్గరగా లోపలివైపు వచ్చేసరికి పళ్ళు బిగిశాయి.

చివరి అరగంట మాత్రం చేతి పని. తెబొరి అంటారు. పొడుగాటి కర్రలాంటి పిడి, చివర వరసగా కట్టిన సూదులు. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలితో నా చర్మాన్ని సాగదీసి, ఆ బొటనవేలి మీద పిడిని ఆనించి, కుడిచేత్తో తోశారు. గుచ్చి, బయటికి లాగేటప్పుడు కొంచెం పైకి ఎగరేస్తారు. అప్పుడొక చిన్న చప్పుడు వస్తుంది. దర్జీ కత్తెరతో గుడ్డ అంచు కొద్దికొద్దిగా కత్తిరిస్తున్నట్టు, షక్, షక్, షక్. మెషీన్ రొద ఆగిపోయిన గదిలో ఆ ఒక్క చప్పుడే. నొప్పి తక్కువ అంటారు చాలామంది. నాకు తక్కువేమీ అనిపించలేదు, వేరేగా ఉంది. మెషీన్ కాల్చినట్టుంటే ఇది గిల్లినట్టుంది. అరగంటలో అరచేతిలో సగం మేర నీడ పడింది. సుడి లోపలి నలుపు అంచుకొచ్చేసరికి పొగలా పలచబడింది. చుక్క ఎక్కడ మొదలైందో వెతికినా దొరకదు.

చేప పాత కన్ను మసకగా ఉంది, దాన్ని ఇవాళ సరిచేయరా అని అడిగాను. "కన్ను చివర్లో" అన్నారు. మన శిల్పులు కూడా విగ్రహానికి కళ్ళు చివర్లోనే తెరుస్తారని చెల్లి ఆయనకి జపనీస్‌లో చెప్పింది. ఆయన చాలాసేపు దాని గురించే అడిగారు, ఏ ఉలితో, ఎవరు, ఎప్పుడు అని. మా ఇద్దరికీ తెలిసింది కొంచెమే.

45,000 యెన్లు కవర్లో పెట్టి రెండు చేతులతో ఇచ్చాను. మార్చిలో తేదీ రాసుకున్నారు.

ఆరు, ఏడు రోజులు, టోక్యో

చేయి ఉబ్బి బరువెక్కింది. పైన అంటించిన పలచటి ఫిల్మ్ కింద సిరా, నీరు కలిసి చిన్న చెరువు కట్టాయి. చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ మామూలే. ఒకవైపుకే తిరిగి పడుకోవడం తప్ప వేరే పనేమీ చేయలేదు.

వెళ్ళేరోజు పొద్దున చెత్త పడేయడానికి కిందికి వెళ్తే ఓనరమ్మ ఎదురుపడింది. చొక్కా రాసుకుంటోందని చేతులు భుజం దాకా మడిచి ఉన్నాను. ఆవిడ నా చేయి చూసింది, నా చేతిలో సంచి చూసింది, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళింది. అయిపోయింది, చెల్లికి క్లాసే అనుకున్నాను. మధ్యాహ్నం నిజంగానే ఫోన్ వచ్చింది. ప్లాస్టిక్ చెత్త మంగళవారం కదా, సోమవారం ఎందుకు పెట్టారని.

ఎయిర్‌పోర్టు ట్రైన్లో చెల్లి అడిగింది. "మార్చిలో వచ్చినప్పుడు ఆ కాలి మీద పెద్దమ్మను కూడా అతికిస్తాడేమో కనుక్కుందామా?"

ఇవాళ పదో రోజు. పొట్టు రాలుతోంది, చచ్చేంత దురద. గోకకూడదు కాబట్టి అరచేత్తో తడుతూ కూర్చున్నాను.